ఫోన్ తీసుకోవడం వేరు, తెరవడం వేరు

పోలీసు తనిఖీలు, మొబైల్ ఫోన్లు, పౌరహక్కులు: ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

2021 అక్టోబరులో హైదరాబాద్ నుంచి వచ్చిన కొన్ని వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. టూవీలర్ల మీద పోయే కుర్రాళ్లను పోలీసులు ఆపుతున్నారు. జేబులు తడిమి, ఫోన్ తియ్యమంటున్నారు. వాట్సాప్ తెరిపించి, పైన వెతికే గడిలో గంజాయి అని కొట్టి చూస్తున్నారు. ఏమీ రాకపోతే ఫోన్ చేతిలో పెట్టి పొమ్మంటున్నారు. దీని మీద గొడవ జరిగినప్పుడు, మేమెవర్నీ బలవంతపెట్టలేదు, జనమే సహకరిస్తున్నారు అనే అర్థంలో పోలీసుల వైపు నుంచి జవాబు వచ్చింది.

ఆ జవాబును తేలిగ్గా తీసుకోకండి. చట్టపరంగా దానికి చాలా బరువుంది. రోడ్డు మీద పోయే మనిషిని, ఏ కేసూ లేకుండా, ఏ అనుమానమూ రాసుకోకుండా ఆపి అతని చాట్లు చదవమని ఏ సెక్షనూ చెప్పదు. మత్తుపదార్థాల చట్టంలో 50వ సెక్షన్ ఉంది. అది ఒంటి మీద సోదా గురించి. గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయమని అడిగే హక్కు మనకుందని చెప్పే సెక్షన్ అది. చాట్లు వెతకడానికి దాంట్లో చోటు లేదు. చట్టం ఇవ్వని అధికారం మరి ఎక్కణ్ణుంచి వచ్చింది? మనం తలూపడం నుంచి వచ్చింది. మీరే ఇచ్చారు, మీరే తెరిచారు అన్న ఒక్క మాటతో మిగతా ప్రశ్నలన్నీ ఆగిపోతాయి.

అందుకని ముందుగా ఒక వాక్యం నేర్చుకుందాం. ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి. 'సార్, నా అంగీకారం లేదు. మీరు తీసుకుంటే అడ్డుపడను. ఏ కేసులో, ఏ సెక్షన్ కింద తీసుకుంటున్నారో రాసివ్వండి.' గొంతు పెంచకుండా అనాలి. రెండో భాగం కూడా మొదటిదంత ముఖ్యమే. ఫోన్ లాక్కుంటుంటే చెయ్యి పట్టుకున్నా, గుంజుకున్నా భారతీయ న్యాయ సంహిత 132, 221 సెక్షన్ల కింద విధులకు ఆటంకం కేసు పడుతుంది. అప్పటిదాకా మీ మీద ఏమీ లేకపోయినా అక్కడ ఒక కేసు పుడుతుంది. నోటితో కాదనండి, చేత్తో వద్దు.

రోడ్డు సంగతి వచ్చింది కాబట్టి చిన్న విషయం చెప్పి ముందుకెళ్తాను. లైసెన్సు, ఆర్‌సీ ఇప్పుడు అందరూ డిజిలాకర్‌లో చూపిస్తున్నారు. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. అయితే చూపించడమంటే తెరిచిన ఫోన్ చేతికివ్వడం కాదు. తెరిచిన ఫోన్ ఒకసారి చేయి మారాక లోపల ఏం చూస్తున్నారో మీకు కనపడదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది, తెర మీద ఒక్క యాప్‌నే నిలిపి ఉంచడం. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీకి పోయి, కొన్ని కంపెనీల ఫోన్లలో అదనపు సెట్టింగ్స్‌కు పోయి, ఆన్ చేసుకోవాలి. ఆ పిన్నింగ్ తీసేటప్పుడు లాక్ అడగాలి అనే గడి కూడా టిక్ పెట్టాలి. చాలామంది అది మరిచిపోతారు, అది లేకపోతే పిన్ చేసి లాభం లేదు. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ కింద గైడెడ్ యాక్సెస్ ఉంటుంది. డిజిలాకర్ తెరిచి పక్క బటన్ మూడుసార్లు నొక్కితే ఆ యాప్ దాటి పోనివ్వదు. రెండు నిమిషాల పని. ఇవాళ రాత్రికి చేసుకోండి.

ఇక అసలు విషయంలోకి వద్దాం. కేసు ఉంది, ఎఫ్‌ఐఆర్ ఉంది, పోలీసులకు ఫోన్ కావాలి. సోషల్ మీడియాలో పెట్టిన పోస్టు మీద కేసు కావచ్చు, గ్రూపులో ఫార్వర్డ్ చేసిన వీడియో మీద కావచ్చు. ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, ఆ వస్తువును మీ దగ్గర నుంచి తీసుకోవడం. రెండోది, దాన్ని తెరిచి లోపలున్నది చదవడం. మన చట్టం మొదటిదాని గురించి చాలా మాట్లాడింది. రెండోదాని గురించి దాదాపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్‌ను కత్తినో, నోట్ల కట్టనో, స్కూటర్‌నో సీజ్ చేసినట్టు సీజ్ చేస్తారు. కత్తిని తెరవనక్కర్లేదు. ఫోన్‌లో మీ ఆస్పత్రి రిపోర్టులున్నాయి, పెళ్లి ఫోటోలున్నాయి, బ్యాంకు ఉంది, మీ లాయరుతో మాట్లాడిన మాటలున్నాయి. మీతో మాట్లాడిన వందల మంది మాటలూ ఉన్నాయి. వాళ్లకూ ఈ కేసుకూ ఏ సంబంధమూ లేదు.

అమెరికాలో 2014లో రైలీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అరెస్టు చేసిన మనిషి జేబులో దొరికిన ఫోన్‌నైనా సరే, లోపల చూడాలంటే వారెంటు కావాలని. మనకు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పు వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క మాటగా అన్నారు. ఆ హక్కును స్టేషన్లో, టేబుల్ మీద పెట్టిన ఫోన్ దగ్గరికి తీసుకొచ్చే నియమం మాత్రం ఇంకా రాలేదు.

పోల్చి చూడండి, ఎంత వింతగా ఉందో తెలుస్తుంది. మీ ఫోన్ కాల్ ఒక్కటి వినాలంటే రాష్ట్ర హోం సెక్రటరీ స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వుకు 60 రోజుల గడువు, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు, పైన ఒక సమీక్ష కమిటీ. 1996 చివర్లో సుప్రీంకోర్టు పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో వేసిన పునాది అది. ఆ కట్టుబాట్లు తప్పారనే ఆరోపణల మీదే తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు నడిచింది. అదే, మీ పదేళ్ల జీవితం ఉన్న ఫోన్‌ను మొత్తంగా తెరవడానికి? దర్యాప్తు అధికారి నిర్ణయం చాలు. హోం సెక్రటరీ లేడు, సమీక్ష కమిటీ లేదు, గడువు లేదు. రేపటి ఒక్క కాల్ వినడానికున్న అడ్డు, నిన్నటిదాకా మాట్లాడిందంతా చదవడానికి లేదు. దీన్ని చట్టంలో ఖాళీ అని సరిపెట్టుకోలేం. మన హక్కులకు ఇవాళ ఉన్న అతిపెద్ద గండి ఇదేనని నా నమ్మకం.

అయినా ఉన్న చట్టంలోనే పట్టుకోవడానికి కొన్ని కొమ్మలున్నాయి. 2024 జూలై 1 నుంచి పోలీసు దర్యాప్తు పద్ధతులు చెప్పే సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి పాత పుస్తకం పట్టుకుని పోవద్దు.

మొదట నోటీసు. స్టేషన్‌కు ఫోన్ తీసుకుని రండి అని కాల్ వస్తుంది. చాలామంది పరిగెత్తుకుని పోతారు. ఆగండి. నిందితుడిగా పిలిస్తే 35(3) కింద, సాక్షిగా పిలిస్తే 179 కింద, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. 35(3) నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. సాక్షులుగా అయితే ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 దాటినవాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లుండే చోటికే పోలీసులు రావాలి. ఫోన్ తెచ్చివ్వమని రాసే నోటీసు 94 కింద వస్తుంది. కొత్త చట్టం ఆ సెక్షన్లో కమ్యూనికేషన్ పరికరాలను పేరుపెట్టి చేర్చింది. ఇక్కడొక విశేషముంది. 1898 నాటి పాత కోడ్‌లోనూ ఇదే సెక్షన్ నంబరు 94. ఈ సెక్షన్ నిందితుడికి వర్తించదని 1964 డిసెంబరులో శ్యామ్‌లాల్ చోక్సీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. తన మీద తానే సాక్ష్యం తెచ్చివ్వమని నిందితుడికి నోటీసు ఇవ్వకూడదని దాని భావం. మధ్యలో అది 91 అయి, మళ్లీ 94 అయింది. నంబరు మారినా ఆ వాదన బతికే ఉంది. మీ పేరు ఎఫ్‌ఐఆర్‌లో నిందితుడిగా ఉండి 94 నోటీసు వస్తే, మీ లాయరు జవాబు ఈ తీర్పుతోనే మొదలవ్వాలి.

రెండోది ఇంటి సోదా. వారెంటు ఉంటే 96. వారెంటు లేకుండా వస్తే 185. వారెంటు లేదు కదా అని తలుపు వేసుకుని కూర్చోవద్దు, కొన్ని షరతులతో చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. ఎందుకు ఈ సోదా అవసరమైందో అధికారి ముందే కేసు డైరీలో రాయాలి. ఆ కాగితాలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. మీరు అర్జీ పెడితే మీకూ ఒక కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆ అర్జీ పెట్టేవాళ్లు తక్కువ. మర్నాడే పెట్టండి. డైరీలో కారణాలు ముందు రాశారా, తర్వాత అతికించారా అన్నది బయటపడేది అక్కడే. 105 కింద సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి. జాబితా తయారు చేయడం, సాక్షులు సంతకాలు చేయడం కూడా ఆ వీడియోలో ఉండాలి. దాన్ని ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. వీడియో మీ రక్షణకు. కెమెరా మొదలుపెట్టకుండా అలమార తెరవబోతే, 105 కింద రికార్డింగ్ మొదలుపెట్టండి సార్ అని మర్యాదగా అడగండి.

సాక్షుల సంగతి. చట్టం అడిగేది ఆ ప్రాంతంలో ఉండే ఇద్దరు స్వతంత్రులైన పెద్దమనుషుల్ని. మన రెండు రాష్ట్రాల్లో రెవెన్యూ, మున్సిపల్ సిబ్బందిని వెంటబెట్టుకుని రావడం అలవాటు. వాళ్లు రాసేదాన్నే మధ్యవర్తుల నివేదిక అంటున్నాం, పంచనామా అన్నా అదే. ఆ నివేదిక దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే తర్వాత రెండేళ్లకు కోర్టులో మిగిలేది మీ మాట కాదు, ఎస్సై మాట కాదు, ఆ రెండు పేజీల కాగితం.

మామూలుగా ఏం రాస్తారంటే, 'నలుపు రంగు సామ్‌సంగ్ సెల్‌ఫోన్ ఒకటి స్వాధీనం చేసుకోవడమైనది.' అంతే. ఈ వాక్యంతో ఏ నలుపు రంగు ఫోన్ అయినా మీదే అవుతుంది. ఏముండాలో చెప్తాను. మోడల్ పేరు. ఐఎంఈఐ నంబర్లు, అంటే ఫోన్ గుర్తింపు నంబర్లు రెండూ, ఒక్కోటి 15 అంకెలు. ఫోన్ మీ చేతిలో ఉండగానే స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ కొడితే కనపడతాయి. ఇవాళే ఇంటికెళ్లి ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, ఫోన్ పోయిన రోజున ఆ ఫోన్‌లో ఉన్న నంబరు చూసుకోలేం కదా. సిమ్ ఎన్ని, ఏ కంపెనీవి, సిమ్ కార్డు మీద అచ్చయిన పొడవాటి నంబరు. మెమరీ కార్డు ఉందా, ఎన్ని జీబీ. మెమరీ కార్డుకు తాళం ఉండదు, ఎవరైనా తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టి ఏదైనా వేయొచ్చు, తీయొచ్చు. దాన్ని వేరుగా కవర్లో పెట్టి వేరుగా సీలు వేయమనాలి. అద్దం పగిలిందా, ఎక్కడ. బ్యాటరీ ఎంత శాతం.

ఆ తర్వాత అన్నిటికంటే విలువైన వాక్యం. తీసుకున్నప్పుడు ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, లాక్ వేసి ఉందా లేదా, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు. 'రాత్రి 9 గంటల 40 నిమిషాలకు, లాక్ వేసి ఉన్న స్థితిలో, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, కవర్లో ఉంచి సీలు వేయడమైనది' అని రాశారనుకోండి. మర్నాడు ఉదయం 11 గంటలకు ఆ ఫోన్‌లో వాట్సాప్ తెరిచినట్టు ఫోన్ లోపల నమోదైన రికార్డుల్లో కనపడితే, సీలు విప్పిందెవరని అడగడానికి మీ దగ్గర ఆధారముంది. ఆ సమయం రాయకపోతే లేదు.

ఏరోప్లేన్ మోడ్ ఎందుకంటే, ఆన్‌లో ఉన్న ఫోన్ ఖాళీగా కూర్చోదు. మెసేజులు వస్తూనే ఉంటాయి, గడువు పెట్టిన మెసేజులు చెరిగిపోతూ ఉంటాయి, యాప్‌లు అప్‌డేట్ అవుతాయి. సీజ్ చేసిన ఫోన్ గంటగంటకూ మారుతూనే ఉంటుంది. దర్యాప్తు వాళ్లకూ ఇది నష్టమే. ఫోరెన్సిక్ వాళ్లు సిగ్నల్ లోపలికి పోనివ్వని ఫారడే కవర్లు వాడేది ఇందుకే. స్టేషన్లో మామూలుగా వాడేది గుడ్డ సంచి, లక్క సీలు. గుడ్డలోంచి సిగ్నల్ సునాయాసంగా పోతుంది. సీలు మీద సాక్షుల సంతకాలు ఉన్నాయో లేదో చూడండి. కాగితం మొత్తం చదివి, ఖాళీ గీతలు కొట్టేయించి, అప్పుడే మీరు సంతకం పెట్టండి. రాసిందాంట్లో తప్పుంటే, సంతకం కింద మీ చేత్తో 'లాక్ తీసివ్వలేదు, అంగీకారంతో ఇవ్వలేదు' అని రాసే హక్కు మీకుంది. ఆ నాలుగు మాటలు తర్వాత మీ లాయరు పదిసార్లు చదివి వినిపిస్తాడు. 106 కింద స్వాధీనం చేసుకుంటే ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలన్నది కూడా గుర్తుంచుకోండి. తెలిపారా లేదా అన్నది కోర్టు ఆఫీసులో అడిగి తెలుసుకోవచ్చు.

ఇప్పుడు హ్యాష్ విలువ. పేరు కొత్తగా ఉన్నా విషయం తేలికే. ఒక ఫైలులో, లేదా మొత్తం డిస్కులో ఉన్న ప్రతి అక్షరాన్నీ ఒక లెక్కలో వేస్తే చివరకు ఒక నంబరు వస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో అయితే 64 అక్షరాల పొడవు. డిస్కులో ఉన్న లక్షల పేజీల్లో ఒక్క కామా మార్చి మళ్లీ లెక్క వేయండి, ఆ 64 అక్షరాలు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. ధాన్యం బస్తా మీద తూకం చీటీ లాంటిది అనుకోండి, కాకపోతే ఇందులో ఒక గింజ తీసి అదే బరువున్న ఇంకో గింజ వేసినా పట్టుబడుతుంది. స్వాధీనం చేసుకున్నప్పుడే ఆ నంబరు తీసి, కాగితం మీద రాసి, ఒక కాపీ మీకిస్తే, ఆ తర్వాత ఎవరు ఏం చేసినా దాగదు. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్లో హ్యాష్ విలువ రాయడానికి గడి పెట్టింది. మంచిదే. గొడవంతా ఎప్పుడు తీశారన్న దగ్గర ఉంది. ఫోన్ మూడు వారాలు స్టేషన్ బీరువాలో ఉండి, ఆ తర్వాత హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పోయి అక్కడ హ్యాష్ తీశారనుకోండి. ఆ నంబరు ఆ రోజు నుంచే కాపలా కాస్తుంది. ముందు మూడు వారాలకు కాపలా లేదు.

చేయడం కష్టమా అంటే, కంప్యూటర్ డిస్కుకైతే కష్టం కాదు. డిస్కు విప్పి, రైట్ బ్లాకర్ అనే చిన్న పరికరానికి తగిలిస్తారు. అది చదవనిస్తుంది, రాయనివ్వదు. తర్వాత మొత్తం డిస్కును అక్షరం వదలకుండా నకలు తీస్తారు. సెకనుకు 100 ఎంబీ చొప్పున పోతే ఒక టీబీ డిస్కుకు దాదాపు రెండు గంటల ముప్పావు పడుతుంది. మీ ఇంట్లో, మీ కళ్ల ముందు, కెమెరా ముందు చేయగలిగిన పని. ఫోన్‌కు మాత్రం అలా కుదరదు, నిజం నిజంగా చెప్పుకోవాలి. లాక్ ఉన్న ఫోన్ లోపలి నిల్వ గుప్తలిపిలో ఉంటుంది, ఆన్‌లో ఉన్నంతసేపూ అది మారుతూ ఉంటుంది. సెలిబ్రైట్ లాంటి కంపెనీల పరికరాలతో లోపలున్నది బయటికి లాగాక, ఆ లాగిన ఫైలుకే హ్యాష్ తీయగలరు. కాబట్టి ఫోన్ విషయంలో మీ రక్షణ సీలు, సమయం, లాక్ స్థితి. ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డుల విషయంలో మాత్రం హ్యాష్ అక్కడికక్కడే అడగండి. ఇవ్వకపోతే, అడిగాను ఇవ్వలేదు అని కాగితం మీద రాయించండి.

ఇదంతా చాదస్తం అనిపిస్తే భీమా కోరెగావ్ కేసు చూడండి. మన హైదరాబాద్ నుంచి వరవరరావు గారిని 2018 ఆగస్టులో అరెస్టు చేసిన కేసు అది. అందులో మరో నిందితుడు రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను 2018 ఏప్రిల్ 17న ఢిల్లీలో స్వాధీనం చేసుకున్నారు. ఆ డిస్కు నకలును అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ పరిశీలించింది. నెట్‌వైర్ అనే మాల్‌వేర్‌తో బయటి వ్యక్తి ఎవరో చాలాకాలం ఆ కంప్యూటర్‌లోకి చొరబడి, దాచిన ఫోల్డర్‌లో పత్రాలు పెట్టారని 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చిన నివేదికలో రాసింది. దర్యాప్తు సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో కోర్టు తేల్చాలి. నేను చెప్పదలిచింది ఇంకోటి. ఆ సంస్థ పరిశీలించగలిగింది దేన్ని? డిస్కు నకలును. అక్షరం పోకుండా తీసిన నకలు నిందితుల చేతికి రావడం వల్లే ఈ ప్రశ్న పుట్టింది. నకలు ఇవ్వని కేసుల్లో ఇలాంటి ప్రశ్న పుట్టే దారే ఉండదు. ఛార్జిషీటుతో పాటు మీకు రావలసినవాటిలో ఆ నకలు, దాని హ్యాష్ ఉన్నాయో లేదో చూసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో నాలుగు స్క్రీన్‌షాట్లు పెట్టి ఇస్తే అది నకలు కాదు.

పాస్‌వర్డ్ చెప్పాలా వద్దా? అందరూ అడిగేది ఇదే. రాజ్యాంగం 20(3) ప్రకారం నిందితుణ్ణి తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. 1961లో కాఠీ కాలు కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వేలిముద్ర ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కాదంది. 2010లో సెల్వి కేసులో, మనసులో ఉన్నదాన్ని బలవంతంగా బయటికి లాగకూడదన్నారు. పాస్‌వర్డ్ మనసులో ఉండేది, వేలిముద్ర ఒంటి మీద ఉండేది. దీన్నిబట్టే 2022లో ఢిల్లీలోని సీబీఐ ప్రత్యేక కోర్టు, పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయకూడదు, వేలితో తెరిపించొచ్చు అంది. అంతకుముందు ఏడాది కర్ణాటక హైకోర్టు వీరేంద్ర ఖన్నా కేసులో, పాస్‌వర్డ్ చెప్పడం కూడా సాక్ష్యం కిందికి రాదంది, అయితే చెప్పకపోతే పోలీసులు కోర్టుకు వెళ్లి సోదా వారెంటు తెచ్చుకోవాలంది. సుప్రీంకోర్టు ఇంకా తేల్చలేదు. తేలేదాకా మన వైఖరి ఒకటే ఉండాలి. పాస్‌వర్డ్ కోర్టు అడిగితే లాయరుతో మాట్లాడి జవాబిస్తాను, స్టేషన్లో చెప్పను. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ఉత్తర్వు తెస్తే మాత్రం సంగతి వేరు, దానికి సహకరించకపోతే ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఆ ఉత్తర్వు హోం సెక్రటరీ స్థాయి నుంచి రావాలి, ఎస్సై నోటిమాటగా చెప్తే అది 69 కాదు.

వేలిముద్రకూ పిన్‌కూ కోర్టులు ఇంత తేడా చూస్తున్నాయి కాబట్టి ఫోన్‌లో ఆ తేడాను మనమూ వాడుకోవాలి. స్విచాఫ్ చేసి ఆన్ చేసిన ఫోన్ వేలిముద్రకు తెరుచుకోదు, పిన్ కొట్టాల్సిందే. పిన్ కొట్టేదాకా లోపలి తాళంచెవులు మెమరీలోకి రావు, అందుకే ఆ స్థితిలో ఉన్న ఫోన్ ఫోరెన్సిక్ పరికరాలకూ కష్టం. ఐఫోన్లలో 2024 చివరి నుంచి, ఆండ్రాయిడ్ ఫోన్లలో 2025 నుంచి, మూడు రోజులు ముట్టుకోకపోతే తమంతట తామే రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు వచ్చింది. నాలుగంకెల పిన్‌కు పదివేల అవకాశాలు, ఆరంకెలకు పదిలక్షలు. అక్షరాలు కలిపితే ఇంకా మేలు. పుట్టినరోజు పెట్టుకుంటే మాత్రం ఈ లెక్కలన్నీ దండగ. వాట్సాప్ సంభాషణలకు తాళం ఉన్నా, గూగుల్ డ్రైవ్‌కు పోయే బ్యాకప్‌కు మీరు విడిగా పెట్టుకోకపోతే తాళం ఉండదు. చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, ఇచ్చిన పాస్‌వర్డ్‌నో 64 అంకెల కీనో కాగితం మీద రాసుకోండి. అది పోతే బ్యాకప్‌ను ఎవరూ తెరిచివ్వలేరు, ఆ కంపెనీ కూడా.

ఇవన్నీ ముందే చేసుకునే అలవాట్లు. నోటీసు వచ్చాక, పోలీసులు గుమ్మంలో ఉండగా చెరిపేయడం, దూరం నుంచి ఫోన్ మొత్తం తుడిచేయడం ఎప్పుడూ చేయకండి. సాక్ష్యం నాశనం చేయడం న్యాయ సంహిత 241 కింద నేరం. అసలు కేసు వీగిపోయినా ఇది నిలబడుతుంది.

ఇంతవరకూ నిందితుల గురించే మాట్లాడాను. బాధితుల ఫోన్ల సంగతి ఎవరికీ పట్టడం లేదు. లోన్ యాప్ వేధింపుల మీద ఫిర్యాదు చేసినవాళ్లు, ఫోటోలు మార్ఫింగ్ చేశారని స్టేషన్‌కు వచ్చిన అమ్మాయిలు, సాక్ష్యం కోసం తమ ఫోన్ ఇచ్చి, అది తిరిగి రాక తిప్పలు పడుతున్నారు. బ్యాంకు, ఉద్యోగం, పిల్లల స్కూలు గ్రూపు అన్నీ అందులోనే. ఇది తెలిసి చాలామంది ఫిర్యాదే మానేస్తున్నారు. ఇక్కడ ఫోన్ మొత్తం ఇవ్వనక్కర్లేని దారి ఉంది. ఏ నంబరుతో జరిగిన చాట్ కావాలో అది మాత్రం ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఫైలుకు హ్యాష్ తీసి, 63(4) సర్టిఫికెట్‌తో ఇవ్వొచ్చు. సర్టిఫికెట్ మొదటి భాగం మీరు సంతకం చేయాలి, రెండో భాగం నిపుణుడు చేయాలి. అసలు ఫోన్‌ను కోర్టు అడిగినప్పుడు తెస్తానని రాసివ్వొచ్చు. చాట్ చెరపకుండా, ఫోన్ మార్చకుండా దాచుకోవాలి. ఒక్క చాట్ కోసం ఒక మనిషి జీవితాన్ని బీరువాలో పెట్టడం దర్యాప్తు కాదని గట్టిగా అడగాల్సింది మహిళా సంఘాలు, లాయర్ల సంఘాలు.

రూల్స్ ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు క్లుప్తంగా చెప్తాను. 2023 అక్టోబరు 3న ఢిల్లీలో న్యూస్‌క్లిక్‌తో సంబంధమున్న జర్నలిస్టుల ఇళ్ల మీద సోదాలు జరిగి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయారు. అప్పటికే సుప్రీంకోర్టులో ఇలాంటి పిటిషన్లు ఉన్నాయి. మార్గదర్శకాలు తయారు చేయమని కోర్టు ఆ నవంబరులో కేంద్రానికి చెప్పింది. అవి వచ్చేదాకా సీబీఐ మాన్యువల్ పాటిస్తామని డిసెంబరులో కేంద్రం హామీ ఇచ్చింది. ఆ హామీ కేంద్ర సంస్థలకు. మన ఎస్సైకి కాదు. పోలీసు శాఖ రాష్ట్రాల చేతిలో ఉంది, కాబట్టి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ డీజీపీలు ఒక సర్క్యులర్‌తో రేపే మార్చగలరు. సీజ్ చేసిన డిస్కుకు హ్యాష్ అక్కడికక్కడే, ఫోన్‌కు ఫారడే కవర్, తెరవడానికి మేజిస్ట్రేటు అనుమతి. మనం అడగాల్సింది ఢిల్లీని మాత్రమే కాదు.

ఎన్నారై కుటుంబాలవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒక మాట. అమెరికా విమానాశ్రయంలో రైలీ తీర్పు పనిచేయదు, సరిహద్దు దగ్గర వారెంటు లేకుండానే ఫోన్ చూస్తారు. అమెరికా పౌరులు పాస్‌వర్డ్ చెప్పకపోతే ఫోన్ ఆపుకోవచ్చు గానీ వాళ్లను దేశంలోకి రానివ్వక తప్పదు. వీసా మీద వెళ్లేవాళ్లను వెనక్కి పంపగలరు. అధికారులు చూడాల్సింది ఫోన్‌లో ఉన్నదే, క్లౌడ్‌లో ఉన్నది కాదన్నది వాళ్ల నిబంధనే. అందుకే దిగేముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, స్విచాఫ్ చేసుకోవడం మంచిది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనపడేలా పెట్టాలంటున్నారు. దరఖాస్తులో ఖాతా దాచిపెడితే అదే తిరస్కరణకు కారణమవుతుంది, పోస్టుల కంటే ముందు దాని గురించి జాగ్రత్తపడండి.

చివరగా ఫోన్ వెనక్కి తెచ్చుకోవడం. పోయిన రోజే బ్యాంకుకు చెప్పి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఆపించండి. ఫోన్‌తో పాటు సిమ్ కూడా పోయింది, ఓటీపీలన్నీ దానికే వెళ్తాయి. అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకోవాలంటే దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా తెలిపి, కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకుని తీసుకోండి. ఆ తర్వాత మేజిస్ట్రేటు కోర్టులో మధ్యంతర కస్టడీ పిటిషన్, కేసు దశను బట్టి 497 లేదా 503 కింద. స్వాధీనం చేసుకున్న వస్తువులను పదిహేను రోజుల నుంచి నెల కంటే ఎక్కువ స్టేషన్లో పడేసి ఉంచకూడదని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, ఆ తీర్పు పిటిషన్‌కు జత చేయండి. ఫోన్ కొన్న బిల్లు, డబ్బా మీది ఐఎంఈఐ ఫోటో పెట్టండి. ఫోరెన్సిక్ నకలు తీయడం అయిపోయిందా, ఏ తేదీన అయిందో చెప్పమని పిటిషన్లోనే అడగండి. ల్యాబ్‌కు ఇంకా పంపలేదనే జవాబు వస్తే, ఇన్నాళ్లూ ఫోన్ ఎవరి దగ్గర ఉందో రిజిస్టరు చూపించమనండి. కేసుకు సంబంధం లేని సమాచారాన్ని నకలు నుంచి తీసేయమని కూడా అడగండి. అలా తీసేయాలనే రూలు లేదు, అయినా అడగ్గా అడగ్గానే రూలు పుడుతుంది.

ఫోన్ చేతికొచ్చాక దాన్ని అలాగే వాడేయకండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి, మీకు తెలియని కంప్యూటర్ ఉంటే ముందు స్క్రీన్‌షాట్ తీసి, తర్వాత తొలగించండి. గూగుల్ ఖాతాలో మీ పరికరాల జాబితా చూడండి. పాస్‌వర్డులన్నీ ఇంకో ఫోన్ నుంచి మార్చండి. కోర్టు మళ్లీ తీసుకురమ్మని షరతు పెట్టి ఉంటే రీసెట్ చేయకుండా, స్విచాఫ్ చేసి, కవర్లో పెట్టి దాచండి. అలాంటి షరతేదీ లేకపోతే లాయరును అడిగి ఫ్యాక్టరీ రీసెట్ చేసి వాడుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.